శిక్షలో మిగిలిన రోజులు: ఓరుగల్లు జైలు, పెరోల్ నిబంధనలు, సర్కారు ఖర్చు

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11 నుంచి పాలనా పటం మీద వేర్వేరుగా కనిపిస్తున్నా, నేరం రుజువై దీర్ఘకాల శిక్ష పడినవారి విషయంలో ఈ మూడు ప్రాంతాలకూ చాలాకాలం పాటు ఒకటే చిరునామా ఉండేది. జనగామ నల్లగొండ జిల్లాలో తాలూకాగా ఉన్న రోజులను మినహాయిస్తే, మానుకోట అని పిలిచే మహబూబాబాద్ నుంచి గాని, గోదావరి వైపు అడవిపల్లెల నుంచి గాని జీవితఖైదు పడినవాడు చివరకు చేరేది వరంగల్ కేంద్ర కారాగారానికే. అక్కడ అతడు ఎంతకాలం ఉండాలన్నది న్యాయమూర్తి తీర్పు ఒక్కటే తేల్చేది కాదు. తీర్పు వెలువడిన తరువాత శిక్షను తగ్గించే, నిలిపివేసే, మధ్యలో కొన్నాళ్లు ఇంటికి పంపే నిబంధనల వరుస మరొకటి ఉండేది, ఆ వరుసను ప్రభుత్వాలు పదే పదే మార్చాయి. మార్చిన ప్రతిసారీ సర్కారు ఖజానా మీద కొంత బరువు పడింది లేదా కొంత బరువు తగ్గింది. అయితే ఆ బరువు ఎంతో తూచి, మార్పుకు ముందే చట్టసభ ముందు పెట్టే అలవాటు ఈ దేశంలో ఏర్పడలేదు. ఇందుకు నిర్లక్ష్యం ఒక్కటే కారణం కాదనీ, నిబంధన రాసే చేయి ఒకటి, దాని ఖర్చు భరించే చేయి మరొకటి కావడం అంతకంటె పెద్ద కారణమనీ ఓరుగల్లు జైలు చరిత్రను పరిశీలిస్తే తెలుస్తుంది.

వాడుకలో కలగలిసిపోయిన మూడు మాటలను ముందుగా విడదీయాలి. జైలు నుంచి గడువుకు ముందు బయట కనిపించిన ఎవరి గురించైనా జనం ‘పెరోల్ మీద వచ్చిండు’ అనే అంటారు గాని, జైలు దస్త్రంలో పెరోల్, ఫర్లో, రెమిషన్ అనేవి మూడు వేర్వేరు సంగతులు. పెరోల్ అనేది ఇంట్లో మరణం, తీవ్రమైన జబ్బు, బిడ్డ పెళ్లి వంటి నిర్దిష్టమైన కారణం చూపినప్పుడు ఇచ్చే తాత్కాలిక విడుదల. ‘ఇచ్చిన మాట’ అనే అర్థం గల ఫ్రెంచి పదం నుంచి వచ్చిన ఈ పేరు, పారిపోనని మాట ఇచ్చిన యుద్ధఖైదీని వదిలిపెట్టే పాత సైనిక సంప్రదాయాన్ని గుర్తుచేస్తుంది. ఫర్లో అనేది కారణం అడగకుండా, దీర్ఘకాల ఖైదీకి సత్ప్రవర్తన మీద దక్కే సెలవు. రెమిషన్ అంటే శిక్షాకాలంలోనే కొన్ని రోజులను మాఫీ చేయడం. ఫర్లో మీద ఇంట్లో గడిపిన రోజులు శిక్ష అనుభవించినట్టుగానే జమ అవుతాయి, పెరోల్ రోజులు కావు. ఈ తేడాను సుప్రీంకోర్టు 2017లో రాజస్థాన్‌కు చెందిన అష్ఫాక్ కేసులో వివరించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1981లో చేసిన పెరోల్ నియమావళి పేరులోనే ‘శిక్ష నిలుపుదల’ అన్న మాట ఉన్నది. అంటే ఇంటికి వెళ్లిన పదిహేను రోజులు ఆఖరున పదిహేను రోజులుగా తిరిగి వచ్చి కలుస్తాయి. ఖజానా వైపు నుంచి చూస్తే పెరోల్ వల్ల ఒక్క పూట కూడు కూడా మిగలదు, అది వాయిదా పడుతుందంతే. మిగులు అంటూ ఏమైనా ఉంటే అది ఫర్లోలోనూ రెమిషన్‌లోనూ ఉన్నది. జనం నోట పెరోల్ అనిపించుకునేదానిలో ఖర్చును నిజంగా కదిలించేది చాలావరకు రెమిషనే కాబట్టి, చరిత్రను అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

వరంగల్ జైలు 1886లో వెలసింది. సికింద్రాబాదు నుంచి నిజాం రైలుమార్గం వరంగల్ చేరినది కూడా ఆ ఏడే. మరి మూడేళ్లలో ఆ పట్టాలు మానుకోట మీదుగా, డోర్నకల్ దాటి బెజవాడ చేరాయి. సాలార్‌జంగ్ 1865లో జిలాబందీ పేరిట జిల్లాల వ్యవస్థను నెలకొల్పిన తరువాత రెండు దశాబ్దాలకు, జిల్లాకొక కచేరీ, కోర్టు, ఖజానా ఏర్పడినట్టుగానే సుబాకొక పెద్ద జైలు కూడా అవసరమయింది. ఆ కాలపు జైళ్లను, నిజాం రాజ్యంలో గాని బ్రిటిష్ ఇండియాలో గాని, నడిపిన సూత్రం ఒకటే: ఖైదీ తన ఖర్చును తన చెమటతోనే వీలైనంత వరకు తీర్చాలి. ఓరుగల్లు జంపఖానాలకూ తివాచీలకూ 1851 లండన్ మహాప్రదర్శన నాటికే పేరుండగా, జైలు గోడల లోపల కూడా మగ్గాలు నడిచాయి. వరంగల్ జైలు దరీలు మొన్నమొన్నటి దాకా జైలు ముందరి దుకాణంలో అమ్ముడయ్యేవి.

రెమిషన్ ఈ చెమట లెక్కలో భాగంగానే పుట్టింది. పందొమ్మిదో శతాబ్దపు నడిమిలో ఆస్ట్రేలియా సమీపాన నార్‌ఫోక్ దీవిలో మకనోకీ అనే అధికారి, శిక్షను రోజులతో గాక మార్కులతో కొలిచి, పనిచేసి మార్కులు సంపాదించిన ఖైదీకి విడుదలను దగ్గర చేసే పద్ధతిని ప్రయత్నించాడు. దాని నీడ ఐర్లండుకూ, అక్కడి నుంచి అమెరికాకూ, భారతదేశపు జైలు మాన్యువల్స్‌కూ పాకింది. ఇక్కడి మాన్యువల్స్‌లో అది నెలకు రెండు రోజులు సత్ప్రవర్తనకు, మరో రెండు రోజులు ఇచ్చిన పని పూర్తిచేసినందుకు అన్న రూపం తీసుకున్నది. ఖైదీలలోనే నమ్మకస్తులను ఏరి తోటి ఖైదీల మీద కాపలాగా పెట్టే ‘కన్విక్ట్ వార్డర్’ పద్ధతి కూడా ఉండేది, వారికి మరికొన్ని రోజులు అదనంగా దక్కేవి. దీనిని దయగా వర్ణించిన రాతలు చాలా ఉన్నాయి గాని, లెక్కల కన్నుతో చూస్తే అది జీతం. జీతం ఇచ్చి పెట్టుకోవలసిన కాపలావాళ్ల స్థానంలో ఖైదీలను నిలబెట్టి, రూపాయలకు బదులు రోజులు చెల్లించడం ద్వారా సర్కారు రెండు విధాల లాభపడింది. కాపలా జీతం ఆదా అయింది, అలా చెల్లించిన రోజుల తిండి ఖర్చు కూడా ఆదా అయింది. ఈ నాణెం విలువ ఎంతో నిర్ణయించే అధికారాన్ని మాత్రం సర్కారు తన దగ్గరే ఉంచుకున్నది. మొత్తం మాఫీ శిక్షలో నాలుగో వంతు దాటరాదన్న పరిమితి అందుకు గుర్తు.

ఈ రోజుల జమాఖర్చు కనిపించే చోటు ‘హిస్టరీ టికెట్’. అది ఖైదీ వెంటే జైలు మారే చిన్న పుస్తకం: తీర్పు తేదీ, సెక్షన్, శిక్షాకాలం, లోపలికి వచ్చిననాటి బరువు, ఒంటి మీది పుట్టుమచ్చలు, అప్పగించిన పని, పడిన దండనలు, ప్రతి మూడు నెలలకూ జమ అయిన మాఫీ రోజులు, వీటి కిందుగా మారుతూ వచ్చే విడుదల తేదీ అందులో ఉంటాయి. బ్యాంకు పాసుపుస్తకంలో నిలువ పెరుగుతూ పోయినట్టు, ఇందులో నిలువ తరుగుతూ పోతుంది. బ్యారక్‌లో తగాదా పెట్టుకుంటే కొన్ని రోజులు కోతపడి, విడుదల తేదీ మళ్లీ వెనక్కి జరుగుతుంది. అక్షరం రాని ఖైదీకి కూడా తన టికెట్ మీది ఆఖరి తేదీ కంఠతా వచ్చి ఉండడం జైలు సిబ్బందికి తెలిసిన సంగతే.

రాజులు, చక్రవర్తులు పండుగలకు ఇచ్చే సామూహిక క్షమాభిక్షలు ఈ చిల్లర లెక్కను ఒక్కసారిగా తిరగరాసేవి. బ్రిటిష్ ఇండియాలో 1877, 1911 ఢిల్లీ దర్బారుల సందర్భంగా వేలాది ఖైదీలను వదిలారు. స్వాతంత్ర్యం తరువాత గణతంత్ర దినం, ఆగస్టు 15, గాంధీ జయంతి ఆ స్థానాన్ని ఆక్రమించాయి. దీర్ఘకాల ఖైదీల శిక్షలను మధ్యలో సమీక్షించే మండళ్లు ఉండాలని, సర్ అలెగ్జాండర్ కార్డ్యూ అధ్యక్షతన 1919–20లో పనిచేసిన భారత జైళ్ల కమిటీ సిఫారసు చేసింది. పంజాబు 1926లో సత్ప్రవర్తన గల ఖైదీల షరతుల విడుదలకు చట్టమే చేసింది. నిజాం రాజ్యం ఈ కమిటీల పరిధికి చట్టరీత్యా వెలుపల ఉన్నది, రాజాజ్ఞ అయిన ఫర్మానాయే ఇక్కడ ఆఖరి మాట.

జనగామ ప్రాంతం ఈ చరిత్రలోకి పెద్దపెట్టున ప్రవేశించింది 1946 తరువాత. ఆ ఏడు జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాటి నుంచి 1951 అక్టోబరులో సాయుధ పోరాటం విరమించే దాకా నిజాం జైళ్లు, ఆపైన హైదరాబాదు రాష్ట్రపు జైళ్లు, నిర్బంధితులతో కిక్కిరిసిపోయాయి. ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోని చిన్నగూడూరుకు చెందిన దాశరథి కృష్ణమాచార్య వరంగల్ జైలు నుంచి నిజామాబాదు జైలుకు బదిలీ అయింది ఈ కాలంలోనే. కడవెండి వాడైన నల్లా నరసింహులుకు ఉరిశిక్ష పడింది. ఉరికంబం నీడలో ఉన్న తెలంగాణ రైతుల తరపున వాదించడానికి బ్రిటిష్ న్యాయవాది డి.ఎన్. ప్రిట్ రావడం, చివరకు ఆ శిక్షలు యావజ్జీవంగా మారడం, మరికొన్నేళ్లకు వారు విడుదల కావడం మొత్తంగా ఒక పాఠం. మరణశిక్ష యావజ్జీవం కావడమూ, యావజ్జీవం కొన్నేళ్ల శిక్షగా కుదించుకుపోవడమూ న్యాయసూత్రం మీద కంటె రాజకీయ వాతావరణం మీద ఎక్కువ ఆధారపడ్డాయి. విడుదలకు ఎవరు అర్హులన్న ప్రశ్నకు 1950లలో రాతపూర్వకమైన సూత్రం కంటె ప్రభుత్వ చిత్తమే సమాధానంగా ఉండేది.

ఆ చిత్తానికి న్యాయస్థానం 1961లో ఒక చట్టపు పునాది వేసింది. గాంధీ హత్యకేసులో శిక్ష అనుభవిస్తున్న గోపాల్ వినాయక్ గోడ్సే, మాఫీ రోజులన్నీ కలిపితే తనకు ఇరవయ్యేళ్లు నిండాయి కాబట్టి విడుదల తన హక్కు అని వాదించగా, యావజ్జీవం అంటే మిగిలిన జీవితకాలమంతా అనీ, ఇరవయ్యేళ్లన్నది లెక్కల సౌకర్యానికి పెట్టుకున్న అంకె మాత్రమే అనీ సుప్రీంకోర్టు చెప్పింది. హిస్టరీ టికెట్ మీద జమ అయిన రోజులు ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే తప్ప చెల్లని నాణేలని ఆనాడు తేలిపోయింది. 1973 నాటి నేర శిక్షాస్మృతి తన 432వ సెక్షన్‌లో శిక్షను నిలిపివేసే, తగ్గించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చి, ఈ ఏర్పాటును కొనసాగించింది.

అసలు మలుపు 1978లో వచ్చింది. రెమిషన్ వల్ల హంతకులు కూడా అయిదారేళ్లకే బయటికి వస్తున్నారని పార్లమెంటు సంయుక్త కమిటీ ఒకటి గమనించిన మీదట, ఆ ఏటి సవరణ చట్టం శిక్షాస్మృతిలో 433ఎ అనే కొత్త సెక్షన్‌ను చేర్చింది. అది 1978 డిసెంబరు 18 నుంచి అమలులోకి వచ్చింది. మరణశిక్ష విధించడానికి అవకాశమున్న నేరంలో యావజ్జీవం పడినవారు, మరణశిక్ష తగ్గి యావజ్జీవం అయినవారు, మాఫీలతో సంబంధం లేకుండా కనీసం 14 ఏళ్లు జైలులో గడిపితే తప్ప విడుదలకు అర్హులు కారన్నది దాని సారం. దీనిని సవాలు చేసిన మారూరాం కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ప్రధాన తీర్పు రాసిన అయిదుగురు సభ్యుల ధర్మాసనం 1980 నవంబరు 11న సెక్షన్ చెల్లుతుందని చెప్పింది. అయితే 1978 డిసెంబరు 18కి ముందు శిక్ష పడినవారికి ఇది వర్తించదనీ, రాజ్యాంగంలోని 72, 161 అధికరణాల కింద రాష్ట్రపతికీ గవర్నరుకూ ఉన్న క్షమాధికారాన్ని ఈ సెక్షన్ తగ్గించలేదనీ కూడా అదే తీర్పు చెప్పింది.

ఈ ఒక్క సెక్షన్ ఖర్చు ఎలా నడిచిందో చూస్తే సంగతి మొత్తం అర్థమవుతుంది. 1979 ఆరంభంలో హత్యానేరం మీద యావజ్జీవం పడిన ఒక ఖైదీని ఊహించుకుందాం. పాత పద్ధతి ప్రకారం మాఫీలు కలిసి అతడు ఎనిమిది తొమ్మిదేళ్లకు, అంటే 1987–88 ప్రాంతాన విడుదల కావచ్చు. కొత్త సెక్షన్ ప్రకారం 1993కు ముందు అతడి దస్త్రం కదలడానికే వీలులేదు. చట్టం చేసిన నాడు, ఆపైన ఎనిమిదేళ్ల దాకా, అదనంగా ఒక్క పైసా ఖర్చు లేదు. ఎందుకంటే అప్పటిదాకా అతడు ఎలాగూ లోపలే ఉండేవాడు. ఖర్చు మొదలయ్యేది తొమ్మిదో ఏట. చట్టం వచ్చిననాడు ఢిల్లీలో జనతా ప్రభుత్వం, హైదరాబాదులో చెన్నారెడ్డి ప్రభుత్వం ఉండగా, బిల్లు వచ్చి పడింది ఎన్టీ రామారావు, మళ్లీ చెన్నారెడ్డి, జనార్దనరెడ్డి, కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వాల బడ్జెట్ల మీద. ఇంత ఆలస్యంగా వచ్చే ఖర్చును ఏ ఆర్థికమంత్రీ తన పద్దుగా చూసుకోడు.

అంతకంటె లోతైన సంగతి రాజ్యాంగపు ఏడో షెడ్యూలులో ఉన్నది. జైళ్లు రాష్ట్ర జాబితాలోని నాలుగో అంశం. నేరవిచారణ పద్ధతి ఉమ్మడి జాబితాలోని రెండో అంశం. కాబట్టి ఎన్నేళ్లు ఉంచాలో చెప్పే చట్టం పార్లమెంటు చేయగలదు, ఉంచే ఖర్చు మాత్రం రాష్ట్రానిది. కేంద్ర సంచిత నిధి నుంచి ఖర్చు అయ్యే బిల్లులకు ఆర్థిక మెమోరాండం, అంటే ఖర్చు అంచనా పత్రం, జతచేయాలని లోక్‌సభ నియమావళి చెబుతుంది గాని, వరంగల్ జైలులో ఉడికే అన్నం ఖర్చు కేంద్ర నిధిది కాదు గనుక ఆ పత్రంలో దానికి చోటుండదు. రాష్ట్రం వైపు చూస్తే పెరోల్, ఫర్లో నిబంధనలు సభలో చర్చించి చేసే చట్టాలు కావు, జీవోలు. జీవోకు మెమోరాండమే అక్కరలేదు. అమెరికాలో పలు రాష్ట్రాల చట్టసభలు శిక్షాకాలాన్ని గాని, పెరోల్ అర్హతను గాని మార్చే బిల్లు వచ్చినప్పుడు, దానివల్ల రాబోయే ఏళ్లలో ఎన్ని పడకలు, ఎంత సొమ్ము కావలసి వస్తుందో లెక్కగట్టిన చీటీని బిల్లుతో పాటే సభ్యులకు ఇస్తాయి. ఆ చీటీలు కఠినశిక్షల వెల్లువను ఆపలేకపోయాయన్నది నిజమే. 1984లో ఫెడరల్ స్థాయిలో పెరోల్‌నే రద్దుచేసే చట్టం వచ్చింది, అక్కడి జైళ్లు నిండిపోయాయి. అయినా కనీసం ఎంత అప్పు చేస్తున్నామో తెలిసి చేసిన అప్పు అది.

1979 నాటి ఆంధ్రప్రదేశ్ జైళ్ల నియమావళి, 1981 నాటి పెరోల్ నియమావళి కలిసి వచ్చాక, ఖర్చు జైలు పద్దులోంచి ఇతర పద్దులలోకి పారడం మొదలయింది. పెరోల్ దరఖాస్తు ఒకటి జైలు సూపరింటెండెంటు బల్ల మీదికి వచ్చిందంటే, దాని వెనుక ఒక చిన్న యంత్రాంగమంతా కదలాలి. ఖైదీ చెప్పిన కారణం నిజమో కాదో విచారించడానికి పోలీస్ స్టేషన్ నుంచి ఒకరు ఊరికి వెళ్లాలి, ప్రొబేషన్ అధికారి ఇంటి పరిస్థితి రాయాలి, మృతుని కుటుంబం అదే ఊరిలో ఉంటే ఖైదీ రాకతో గొడవ రేగుతుందేమో అంచనా వేయాలి, పూచీకత్తు ఇచ్చేవారి ఆస్తి సంగతి తేల్చాలి, ఇవన్నీ నామినల్ రోల్ అనే వివరాల పత్రంతో కలిసి హైదరాబాదుకు పోయి ఉత్తర్వుగా తిరిగి రావాలి. తండ్రి చావుకు పెట్టుకున్న దరఖాస్తు పెద్దకర్మ దాటిన తరువాత మంజూరు కావడం ఈ దారి పొడవు వల్లనే. ఖైదీని ఒంటరిగా పంపడం క్షేమం కాదనుకుంటే ఎస్కార్ట్ వేయాలి. సాయుధ సిబ్బంది జీతం, బత్తా, వాహనం పోలీసు పద్దులో పడతాయే తప్ప జైలు శాఖ లెక్కలో కనబడవు. ములుగు, భూపాలపల్లి వైపు అటవీ గ్రామాలలో నక్సలైటు ఉద్యమం బలంగా ఉన్న దశాబ్దాలలో సాయుధ ఎస్కార్ట్‌తో ఒక రాత్రి ప్రయాణం ఎంత పెద్ద వ్యవహారమో ఊహించడం కష్టం కాదు. జైలు శాఖ వార్షిక వ్యయాన్ని ఖైదీల సంఖ్యతో భాగించి తలకింత అని చెప్పే లెక్కలు, అందుకే, ఎప్పుడూ సగం లెక్కలే.

ఆ లెక్కలలో మరో లోపం ఉన్నది, ఇది వ్యతిరేక దిశలోది. ఒక ఖైదీ ముందుగా విడుదలైతే ఆదా అయ్యేది సగటు ఖర్చు కాదు, అతడి పూటకు కొలిచే బియ్యం, పప్పు, నూనె, మందుల ఖర్చు మాత్రమే. వార్డర్ల జీతాలు, గోడ మీది దీపాలు, బోరు మోటారు, కోర్టు వాయిదాలకు తిరిగే వ్యాను, ఇవన్నీ పది మంది తగ్గినా తగ్గవు. ఆదా నిజంగా కనిపించాలంటే ఒక బ్యారక్ గాని, ఒక జైలు గాని మూతపడాలి. తెలంగాణ జైళ్ల శాఖ 2018 ప్రాంతంలో ఖైదీలు తగ్గిన పలు సబ్‌జైళ్లను మూసివేసినప్పుడు ఈ సంగతి అనుభవానికి వచ్చింది. అయితే తాలూకా కేంద్రాలలో ఉండే ఆ చిన్న జైళ్లలోనివారు ఎక్కువగా విచారణ ఖైదీలు. వారి సంఖ్య బెయిలు మీద ఆధారపడేదే గాని రెమిషన్ మీద కాదు. దీర్ఘకాల శిక్షల నిబంధన మార్చినప్పుడు నిండేవీ ఖాళీ అయ్యేవీ కేంద్ర కారాగారాలే, వాటిని ఆదా కోసం ఎవరూ మూయరు.

1988లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పూల భాస్కర విజయకుమార్ కేసులో ఖైదీ చేత కూలి లేకుండా పనిచేయించడం రాజ్యాంగం నిషేధించిన వెట్టిచాకిరీయే అన్నది. 1998లో సుప్రీంకోర్టు గుజరాత్ కేసులో న్యాయమైన కూలి చెల్లించాలన్నది. నూరేళ్లుగా రోజుల రూపంలో నడిచిన జీతం దీనితో కొంతవరకు రూపాయలలోకి మారింది. శిక్ష పొడవు పెరిగితే చేతుల సంఖ్య పెరిగి జైలు పరిశ్రమకు లాభమన్న పాత తర్కం కూడా అక్కడితో బలహీనపడింది. వయసు పైబడిన ఖైదీ మగ్గం మీద కూర్చోలేడు, మందులు మాత్రం అతడికే ఎక్కువ కావాలి. ఒక పడక కోసం ఆసుపత్రికి తరలిస్తే దాని పక్కన కాపలాకు మనుషులను వంతులవారీగా నిలబెట్టాలి. వరంగల్ జైలుకు మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి దగ్గరలో ఉండడం ఈ విషయంలో సర్కారుకు కలిసివచ్చిన సౌకర్యం.

433ఎ మూసిన తలుపును రాష్ట్ర ప్రభుత్వం 161వ అధికరణం అనే పక్క తలుపు గుండా తెరిచింది. గవర్నరు పేరిట, మంత్రివర్గం సలహా మీద, పండుగ రోజులలో సామూహిక విడుదల జీవోలు వచ్చాయి. ఏడేళ్ల వాస్తవ శిక్ష, మాఫీతో కలిపి పదేళ్లు అన్న జంట అంకె ఉమ్మడి రాష్ట్రపు జీవోలలో తరచుగా కనిపించేది. ఒక్కొక్క జీవోకు ఒక్కొక్క మినహాయింపుల పట్టిక ఉండేది: ఫలానా సెక్షన్లవారు, కేంద్ర చట్టాల కింద శిక్షపడినవారు, మత్తుమందుల కేసులవారు అర్హులు కారన్నట్టు. మినహాయింపు పొందిన ప్రతివాడూ హైకోర్టు తలుపు తట్టవచ్చు, తట్టారు కూడా. అలా సర్కారు తరపు న్యాయవాదుల ఫీజులు, కౌంటర్ అఫిడవిట్లు, ఉత్తర్వుల పునఃపరిశీలన అనే మరో పద్దు తెరుచుకున్నది. కర్నూలు జిల్లాకు చెందిన ఒక రాజకీయ నాయకుడికి ఇచ్చిన మాఫీని సుప్రీంకోర్టు 2006 అక్టోబరులో ఏపూరు సుధాకర్ కేసులో కొట్టివేస్తూ, అధికారుల నివేదికలో అతడి పార్టీ విధేయత ప్రస్తావనకు రావడాన్ని తప్పుపట్టింది. విడుదల ఉత్తర్వు కూడా న్యాయసమీక్షకు నిలబడాలని తేలిన తరువాత ప్రతి దస్త్రమూ మరింత లావెక్కింది.

దీనికి తోడు 2010లో హర్యానా వర్సెస్ జగదీశ్ కేసులో సుప్రీంకోర్టు, శిక్షపడిన నాటికి అమలులో ఉన్న విధానం ప్రకారం ఖైదీ దరఖాస్తును పరిశీలించాలనీ, తరువాతి విధానం అతడికి ఎక్కువ అనుకూలమైతే దాని లాభం ఇవ్వాలనీ చెప్పింది. న్యాయంగా చూస్తే ఇది సరైనదే. కాని జైలు గుమాస్తా వైపు నుంచి చూస్తే, ఒకే బ్యారక్‌లో పక్కపక్కనే పడుకునే ఇద్దరు ఖైదీలకు రెండు వేర్వేరు నిబంధనలు వర్తిస్తాయి. పాత జీవో ఏదీ చెత్తబుట్టలోకి పోకూడదు, ప్రతి హిస్టరీ టికెట్ పక్కనా దాని కాలపు నిబంధన ఒకటి వెతికి పెట్టుకోవాలి. నిబంధన మార్చినప్పుడు పాతది చావదు, కొత్తదానితో కలిసి బతుకుతుంది.

తెలంగాణ ఏర్పడ్డాక ఈ మూడు జిల్లాల విషయంలో నిబంధనకు సంబంధం లేని రెండు మార్పులు నిబంధన ఖర్చును పెంచాయి. మొదటిది జిల్లాల విభజన. జనగామ వరంగల్ పోలీసు కమిషనరేట్ కిందికి, మహబూబాబాద్, భూపాలపల్లి విడివిడిగా తమ తమ ఎస్పీల కిందికి వచ్చాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు మళ్లీ భూపాలపల్లి నుంచి విడిపోయింది. 2022 జూన్‌లో జిల్లా కోర్టులు కూడా వేరుపడ్డాయి. పాత వరంగల్ జిల్లా సెషన్స్ కోర్టులో శిక్షపడినవాడి ఊరు ఇప్పుడు ఏ స్టేషను, ఏ కోర్టు పరిధిలో ఉన్నదో తేల్చడం పెరోల్ విచారణలో కొత్త మెట్టు. రెండోది జైలే లేకుండా పోవడం. 2021 మే, జూన్ నెలలలో వరంగల్ కేంద్ర కారాగారాన్ని ఖాళీ చేసి, తొమ్మిది వందలకు పైగా ఉన్న ఖైదీలను చర్లపల్లి, ఇతర జైళ్లకు తరలించి, 1886 నాటి కట్టడాలను నేలమట్టం చేశారు. ఆ స్థలంలో 24 అంతస్తుల ఆసుపత్రికి జూన్ 21న శంకుస్థాపన జరిగింది. కొత్త జైలుకు మామునూరులో స్థలం చూపారు. భూపాలపల్లి నుంచి వరంగల్‌కు డెబ్బై కిలోమీటర్ల లోపు దూరం వెళ్లి ములాఖత్‌కు నిలబడిన కుటుంబం, ఆపైన హైదరాబాదు దాకా రెండు వందల కిలోమీటర్లకు పైగా పోవలసి వచ్చింది; ఎస్కార్ట్ వాహనానికి కూడా అదే దూరం. కుటుంబం భరించిన బస్సు చార్జీలు, పోయిన కూలిరోజు ఏ సర్కారు పద్దులోనూ ఉండవు.

2024 జూలై 3న రాష్ట్ర ప్రభుత్వం 35 మంది స్త్రీలతో సహా 213 మందిని గడువుకు ముందే విడుదల చేసింది. వారిలో కొందరికి జైళ్ల శాఖ నడిపే పెట్రోలు బంకులలో పని చూపించారు. లోపల ఉన్నప్పుడు కూలి, బయటికి వచ్చాక జీతం, రెండూ ఒకే శాఖ చేతి మీదుగా రావడం పాత మగ్గాల తర్కానికి కొత్త కొనసాగింపు. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, గడువుకు ముందు విడుదలకు విధానమంటూ ఉన్న రాష్ట్రంలో ఖైదీ దరఖాస్తు కోసం ఎదురుచూడకుండా, అర్హత వచ్చిన ప్రతి ఒక్కరి దస్త్రాన్నీ ప్రభుత్వమే తెరవాలని ఆదేశించింది. అప్పటిదాకా దరఖాస్తు రాయించుకోవడానికి చదువుకున్న తోటి ఖైదీనో, న్యాయసేవల వకీలునో పట్టుకోవలసిన భారం ఖైదీది. ఇప్పుడు తేదీలు చూసుకుంటూ కూర్చోవలసిన భారం గుమాస్తాది.

1973 నాటి నేర శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోకి వచ్చింది. 433ఎ అక్కడ 475వ సెక్షన్ అయింది. పద్నాలుగేళ్ల అంకె మారలేదు, దాని ఖర్చు అంచనాను రాష్ట్రాల ముందు ఎవరూ పెట్టలేదు. ఆ సంవత్సరం రెండో సగంలో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి కోర్టులలో దేనిలోనైనా హత్యకు యావజ్జీవం పడి జైలుకు చేరిన మనిషి హిస్టరీ టికెట్ మీద విడుదల పరిశీలన తేదీ 2038 ప్రాంతంలో పడుతుంది, విచారణలో గడిపిన నెలలు కలిస్తే కొంచెం ముందు; అంతదాకా అతడి అన్నం, మందులు, ఎస్కార్ట్ వ్యాను డీజిలు ఇంకా ఎన్నిక కాని ప్రభుత్వాల బడ్జెట్లలో విడివిడి పద్దుల కింద చేరుతూ ఉంటాయి.